అప్పు సగానికి తగ్గిస్తామనే ఆఫీసులకు పైసలు కట్టకండి: హన్మకొండలో మాకు జరిగింది

వరంగల్, హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల ఉంటూ, ఆదాయం తగ్గి కిస్తీలు కట్టలేక ఇబ్బంది పడుతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. "మీ లోన్లన్నీ సగానికి సెటిల్ చేస్తాం, నెలకు ఒక్క కిస్తీ మాకు కట్టండి చాలు" అని ఈ మధ్య ఫోన్లలో ప్రకటనలు బాగా వస్తున్నాయి. అలాంటి ఒక ఆఫీసుకు మేము ఐదు నెలల్లో 75,900 రూపాయలు కట్టాం. అందులో ఒక్క రూపాయి కూడా మా బ్యాంకుకు చేరలేదు.

మా ఆయన ఏనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి దుకాణంలో గుమస్తా. నెల జీతం కాకుండా సీజన్లో వచ్చే కమీషనే మాకు అసలు ఆసరా. నేను ఇంట్లోనే మగ్గం వర్క్, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేస్తాను. ఇద్దరిదీ కలిపి నెలకు సగటున 43,000 వచ్చేది. మిర్చి ధర పడిపోయి, ఆ దుకాణానికి సరుకు రావడం తగ్గాక అది 31,000కు దిగింది. ఇల్లు మా అత్తగారిది కాబట్టి కిరాయి లేదు. లేకపోతే ఇంకా ముందే చేతులెత్తేసే వాళ్ళం.

అప్పులు ఇవీ. మా ఆయన పేరు మీద పర్సనల్ లోను, బాకీ 2,86,000, నెలకు 9,850. ఆయనదే క్రెడిట్ కార్డు మీద 94,000, దానికి కనీస మొత్తం కట్టాలన్నా 5,000. నా పేరు మీద మెషీన్ లోను 1,12,000, కిస్తీ 5,400. మహిళా సంఘం అప్పుకు 3,200. అన్నీ కలిపి 23,450. చేతిలో మిగిలేది ఏడున్నర వేలు. ఇద్దరు పిల్లలు, అత్తగారి బీపీ, షుగర్ మందులు. ఒక నెల కార్డు కట్టడానికి గిరిగిరి (రోజువారీ వసూలు మీద వడ్డీకిచ్చే) వాళ్ళ దగ్గర పదివేలు తెద్దామని మా ఆయన అన్నారు. ఆ రాత్రే ఆ ప్రకటన చూసి నా నంబరు నింపాను. గంట తిరగకుండానే ఫోన్ వచ్చింది.

ఆఫీసు హన్మకొండలోనే, రెండో అంతస్తులో. అద్దాల తలుపు, గోడ మీద లాయర్ల పేర్లు. మాతో మాట్లాడిన అబ్బాయి చాలా మర్యాదగా, "అక్కా, మీరేం టెన్షన్ తీసుకోవద్దు, బావగారిని కూడా ధైర్యంగా ఉండమనండి" అన్నాడు. అప్పటికి మూడు నెలలుగా మాతో అలా మాట్లాడిన వాళ్ళు లేరు. అందుకే నమ్మాను. మోసపోయిన వాళ్ళను "చదువుకున్న వాళ్ళు ఎట్లా నమ్మారు" అని అడగకండి. భయంలో ఉన్న మనిషికి మంచి మాటే పెద్ద ఆధారం.

వాళ్ళు చెప్పింది ఇది. సంఘం అప్పు తప్ప మూడు అప్పులూ కలిపి 4,92,000. దాన్ని 2,46,000కు తెగ్గొడతామన్నారు. రిజిస్ట్రేషన్‌కు జీఎస్టీతో కలిపి 5,900. తర్వాత నెలకు 14,000 వాళ్ళ ఖాతాలో వేస్తూ పోవాలి. ఆ నిధి పెరిగాక బ్యాంకులతో బేరం చేస్తారట. అప్పటిదాకా ఏ బ్యాంకుకూ ఏమీ కట్టొద్దు. బ్యాంకు ఫోన్లు ఎత్తొద్దు. ఎత్తినా "మా లాయరుతో మాట్లాడండి" అని పెట్టేయాలి. కిస్తీలు కట్ అయ్యే ఖాతాలో డబ్బు ఉంచొద్దు, జీతం వేరే బ్యాంకులో వేయించుకోవాలి. "ఇదంతా ఆర్‌బీఐ రూల్స్ ప్రకారమే" అని ఒకటికి నాలుగుసార్లు అన్నాడు.

ఒప్పందం మొత్తం ఇంగ్లీషులో పదకొండు పేజీలు. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో గుర్తులు పెట్టి ఇచ్చారు, పెట్టేశాం. ఐదు నెలల తర్వాత మా ఆడబిడ్డ కొడుకు చదివి చెప్పాడు. నాలుగో పేజీలో ఉంది: వాళ్ళ ఫీజు మొత్తం అప్పులో 15 శాతం, అంటే 73,800. మేము కట్టే 14,000లో మొదటి తొమ్మిది నెలలు 8,200 వాళ్ళ ఫీజుకే పోతుంది. నిధిలో పడేది 5,800. సెటిల్ అయినా కాకపోయినా ఫీజు తిరిగి ఇవ్వరు. మేము కట్టిన 70,000లో 41,000 ఫీజుకు పోగా నిధిలో ఉన్నది 29,000. ఆ 29,000తో నాలుగు లక్షల తొంభై రెండు వేల అప్పును ఎవరు తెగ్గొడతారు? ఈ లెక్క మొదటి రోజే ఎవరైనా నాకు చెప్పి ఉంటే ఆ మెట్లు దిగి వచ్చేసేదాన్ని.

ఈలోగా ఇక్కడ అప్పులు ఊరుకోవు కదా. కిస్తీ వెనక్కి పోయిన ప్రతిసారీ అప్పిచ్చిన వాళ్ళు ఒక చార్జి వేశారు, మా ఖాతా ఉన్న బ్యాంకు ఇంకొకటి వేసింది. కార్డు వడ్డీ మన ఊరి లెక్కలో నెలకు నూటికి మూడున్నర రూపాయల పైనే. అదే పర్సనల్ లోను అయితే రూపాయి పావలా. ఐదు నెలల్లో కార్డు బాకీ 94,000 నుంచి 1,21,600 అయింది. అప్పులు ఎంత సక్రమంగా కడుతున్నామో చూపే సిబిల్ స్కోరు 741 ఉండేది, 563కు పడింది. మెషీన్ లోను వాళ్ళు ఇంటికి వచ్చి మెషీన్ ఎత్తుకుపోతామన్నారు. అది పోతే నా పని మొత్తం ఆగిపోతుంది. అర తులం ఉంగరం, కమ్మలు కుదువ పెట్టి ఆ ఐదు కిస్తీలు కట్టేశాను.

అన్నిటికన్నా భయపెట్టింది బ్యాంకు పంపిన లీగల్ నోటీసు. చెక్కు బౌన్స్ అయితే కేసు అవుతుందని అందరికీ తెలుసు. ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యే కిస్తీ డబ్బు లేక వెనక్కి పోయినా, 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద కేసు వేయొచ్చు. రెండేళ్ల దాకా జైలు, లేదా ఆ మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ఖాతా ఖాళీగా ఉంచమని మాకు చెప్పిన వాళ్ళు ఈ సంగతి చెప్పలేదు. నోటీసు తీసుకుని వెళ్తే, "మా డ్రాఫ్టింగ్ టీం జవాబు రాస్తుంది, 3,000 అవుతుంది" అన్నారు. అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి.

ఆర్‌బీఐ రూల్స్ అన్న మాట గురించి ఒక సంగతి. అప్పులు సెటిల్ చేసిపెట్టే కంపెనీలకు ఆర్‌బీఐ లైసెన్సులు ఇవ్వదు. పైగా, సర్వీసు చార్జీ, లీగల్ ఫీజు తీసుకుని అప్పు మాఫీ చేయిస్తామని, మాఫీ సర్టిఫికెట్లు ఇస్తామని చెప్పే వాళ్ళను నమ్మొద్దని 2023 డిసెంబరులో ఆర్‌బీఐ స్వయంగా ప్రజలను హెచ్చరించింది. బ్యాంకుతో సెటిల్‌మెంట్ అనేది ఉంది, నిజమే. కానీ అది బ్యాంకే నేరుగా మనతో చేసుకుంటుంది, మధ్యలో ఎవరికీ ఫీజు ఇవ్వనక్కర్లేదు. అలా సెటిల్ అయిన అప్పు సిబిల్ రిపోర్టులో "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్" అని పడుతుంది. తర్వాత ఇంటి లోనుకో పిల్లల చదువు లోనుకో వెళ్తే ఆ మాట అడ్డం వస్తుంది. దీన్ని కూడా వాళ్ళు చెప్పలేదు.

నోటీసు పట్టుకుని కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళాను. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా న్యాయ సహాయం ఇస్తారని చట్టంలోనే ఉంది. ఎస్సీ, ఎస్టీ వాళ్ళకూ అంతే. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు. అక్కడ లాయరమ్మ మొదట అడిగిన ప్రశ్న, "ఆదాయం తగ్గిందని బ్యాంకుకు కాగితం రాసిచ్చారా?" అని. ఇవ్వలేదు. ఒక్కసారి కూడా బ్యాంకు మెట్లు ఎక్కలేదు. సిగ్గుపడ్డాం, భయపడ్డాం.

ఆమె చెప్పినట్టే ఒకటిన్నర పేజీ తెలుగులో రాశాను. పాత ఆదాయం ఎంత, ఇప్పుడు ఎంత, ఎందుకు తగ్గింది. ఇంటి ఖర్చు వివరంగా. ఎవరెవరికి ఎంత బాకీ. నెలకు ఈ లోనుకు ఎంత కట్టగలను, ఏ తారీఖున. కింద మా ఆయన జీతం కాగితం, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు జత చేశాను. ఒక కాపీ మీద బ్యాంకు ముద్ర, తారీఖు వేయించుకున్నాను. ఈ ముద్ర సంగతి దయచేసి మర్చిపోకండి. మనం నోటితో చెప్పిన మాటకు రికార్డు ఉండదు.

బ్రాంచి సార్ కాగితం చదివి అన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "అమ్మా, మొదటి కిస్తీ తప్పకముందే వచ్చి ఉంటే నాకు చాలా సులువయ్యేది." కిస్తీ తప్పి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. అంతకుముందు గడువు పెంచడం వేరు, ఆ తర్వాత అడగడం వేరు. మాది అప్పటికే దాటిపోయింది. అయినా పై ఆఫీసుకు రాసి పర్సనల్ లోను గడువు 60 నెలలకు పెంచారు. వడ్డీలు, చార్జీలు కలిసి బాకీ 3,14,000 అయింది, కిస్తీ 7,470. ముందే వెళ్ళి ఉంటే 2,86,000 మీద 6,800 దగ్గర ఉండేది. కార్డు వాళ్ళు లేటు ఫీజులు తీసేసి 1,15,000ను 24 కిస్తీలు చేశారు, నెలకు 5,630. ముందే అడిగి ఉంటే 4,600తో పోయేది. అంటే మొదట్లోనే ఈ రెండు దరఖాస్తులు పెట్టి ఉంటే, మెషీన్, సంఘం కిస్తీలతో కలిపి నెలకు 20,000తో సర్దుకునే వాళ్ళం. 23,450 నుంచి అంత తగ్గడానికి ఎవరికీ పైసా ఫీజు అక్కర్లేదు. ఇప్పుడు 21,700 కడుతున్నాం, కుదువ వడ్డీ అదనం.

అన్ని బ్యాంకులూ ఒప్పుకుంటాయని నేను అనను. కార్డు వాళ్ళు రెండుసార్లు తిప్పి పంపారు. మీరు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయొచ్చు, ఫోన్ నంబరు 14448. వసూలు వాళ్ళు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చుట్టాలకు, ఇరుగుపొరుగుకు చెప్పి పరువు తీయకూడదు. మా వదినకు ఫోన్ చేసి తిట్టినప్పుడు ఆ నంబరు, టైము, తారీఖు రాసి పెట్టి బ్యాంకుకు ఇచ్చాను. వారంలో ఆగింది. ఫోన్ ఎత్తకుండా దాక్కున్నన్నాళ్ళు ఇది నా వల్ల కాలేదు.

ఏది ముందు కట్టాలని చాలామంది అడుగుతున్నారు. నా అనుభవంలో, ఏ వస్తువు పోతే మన సంపాదన ఆగిపోతుందో దాని కిస్తీ ముందు. తర్వాత సంఘం, ఎందుకంటే మనం తప్పితే తోటి ఆడవాళ్ళ మీద పడుతుంది. కార్డు వడ్డీ ఎక్కువ కాబట్టి దాన్ని వాడటం ఆపేసి, కిస్తీలుగా మార్చమని వెంటనే అడగాలి. ఒక అప్పు తీర్చడానికి ఫోన్ యాప్‌లో ఇంకో అప్పు మాత్రం తీసుకోకండి.

ఆ ఆఫీసు నుంచి మా డబ్బు ఇంకా రాలేదు. ఒప్పందం రద్దు చేసుకుంటున్నామని రిజిస్టర్డ్ పోస్టులో రాశాం. 29,000 ఇస్తామని రెండు నెలలుగా అంటున్నారు. గొడవ ఏదైనా బెంగళూరులోనే తేల్చుకోవాలని ఒప్పందంలో ఉంది. దానికి భయపడనక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించాను, ఇప్పుడు కమిషన్ కాగితాలు తయారవుతున్నాయి. మీలో ఎవరైనా ఇలాగే కట్టి ఉంటే రసీదులు, వాట్సాప్ మెసేజీలు, ఒప్పందం పేజీలు ఏవీ తీసేయకండి. బ్యాంకుకు ఈరోజే వెళ్ళండి, ఖాతాలో ఆటో డెబిట్‌కు సరిపడా ఉందో లేదో చూసుకోండి.

నిన్న సాయంత్రం మా వాడకట్టులో ఆటో నడిపే తమ్ముడు ఒక విజిటింగ్ కార్డు తెచ్చి చూపించాడు. అదే ఆఫీసు, అదే రెండో అంతస్తు. రెండు కిస్తీలు తప్పాయట, ఎల్లుండి 5,900 కట్టడానికి రమ్మన్నారట. కూర్చోబెట్టి అతని ఆదాయం, ఖర్చు, బాకీలు ఒక కాగితం మీద రాయించాను. రేపు పదింటికి బ్రాంచి తెరవగానే అతనితో పాటు నేనూ వెళ్తున్నాను.