ఆర్కైవ్ డాట్ ఆర్గ్ (arXiv.org): పేపరు పెట్టేముందు లైసెన్సు చూసుకోండి

1991లో పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టిన ఈ ప్రిప్రింట్ (జర్నల్లో రాకముందే పేపరును అందరికీ అందుబాటులో పెట్టే) సేవ ఫిజిక్స్, గణితం, కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఇప్పటికీ మొదటి దిక్కు. పెట్టడానికీ చదవడానికీ పైసా ఖర్చు లేదు.

చిక్కంతా లైసెన్సు దగ్గరే. చాలామంది చూడకుండా సీసీ బై (రచయిత పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్సు) నొక్కేస్తారు. పేపరు బయటికొచ్చాక ఆ వెర్షన్‌కి ఇచ్చిన లైసెన్సు వెనక్కి తీసుకోలేరు. విత్‌డ్రా చేసినా పాత వెర్షన్ అక్కడే ఉంటుంది. కాపీరైట్ మొత్తం రాసిమ్మనే జర్నల్‌కి పంపేవాళ్లు ముందు దాని నిబంధనలు చదవాలి. అనుమానముంటే ఆర్కైవ్ సొంత నాన్-ఎక్స్‌క్లూజివ్ లైసెన్సే (పంచే హక్కు మాత్రమే దానికిచ్చి, కాపీరైట్ మీ దగ్గరే ఉంచేది) క్షేమం.

లాటెక్‌లో (సమీకరణాలున్న పేపర్లు టైప్‌సెట్ చేసే సాఫ్ట్‌వేర్) రాసి పీడీఎఫ్ పెడితే తిప్పికొడతారు, సోర్సే (మీరు టైప్ చేసిన అసలు ఫైళ్లే) ఇవ్వాలి. ఆ సోర్సు ఎవరైనా దింపుకోవచ్చు. అందుకే శాతం గుర్తు (%) వెనక, పీడీఎఫ్‌లో కనబడకుండా, సహరచయితల కోసం రాసుకున్న మాటలన్నీ ముందే తీసేయండి, పరువు దక్కుతుంది. బొమ్మ ఫైలు పేరులో ఒక్క క్యాపిటల్ అక్షరం తేడా వచ్చినా కంపైల్ (సోర్సు నుంచి పీడీఎఫ్ తయారవడం) ఆగిపోతుంది.

పీర్ రివ్యూ (అదే రంగం నిపుణులు పేపరును పరీక్షించడం) ఇక్కడ ఉండదు. విభాగం సరైనదేనా, పరిశోధన వ్యాసంలా ఉందా అన్నంతవరకే మోడరేటర్లు చూస్తారు. కొత్తవాళ్లకు ఎండార్స్‌మెంట్ (ఇప్పటికే అక్కడ పేపర్లు పెట్టినవాళ్ల సిఫారసు) అవసరం పడొచ్చు. ముందు గైడుని అడగండి. రోజువారీ గడువు అమెరికా తూర్పు సమయం మధ్యాహ్నం 2 గంటలు, అంటే మనకు వేసవిలో రాత్రి 11:30, చలికాలంలో 12:30.