ఎర్రమట్టి దిబ్బల ఫొటోలకు పొద్దున మేలా, సాయంత్రం మేలా?

విజయనగరం నుంచి కెమెరా పట్టుకుని భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లేవాళ్లు చాలామంది సాయంత్రానికే ప్లాన్ చేసుకుంటారు. ఎర్రరాతి ఎడారుల ఫొటోలు చూసి, పొద్దు వాలితేనే ఎరుపు పలుకుతుందని అనుకుంటారు. ఆ ఎడారుల్లో కూడా అన్నిచోట్లా అలా కాదు. అమెరికాలోని యూటాలో డెలికేట్ ఆర్చ్ అనే సహజ రాతి తోరణాన్ని సాయంత్రం తీస్తారు. అదే రాష్ట్రంలో అలాంటిదే అయిన మేసా ఆర్చ్ దగ్గరికి మాత్రం తెల్లవారకముందే చేరతారు. తొలి ఎండ కింది రాతిగోడ మీద పడి, ఆ వెలుగు పైకి తుళ్లి ఆర్చ్ అడుగంతా నిప్పులా మెరుస్తుంది. రాయి ఏ దిక్కుకు తిరిగి ఉందో చూసుకోవాలి.

మన దిబ్బలకు తూర్పున సముద్రం. అందుకే నా ఓటు పొద్దునకే. నీరెండ సముద్రం మీదుగా వచ్చి పక్కనుంచి తగులుతుంటే వాన కోసిన ప్రతి గాడికీ నీడ ఏర్పడుతుంది, మట్టి లోతు తెలుస్తుంది. ఇంకాస్త ఎండెక్కాక ఇరుకు మలుపుల్లోకి దిగండి. ఒక గోడకు ఎండ తగిలి, ఆ వెలుగు ఎదుటి నీడగోడ మీద పడుతుంది. అక్కడ కనిపించే ముదురు ఎరుపు నేరుగా ఎండ పడే చోట ఉండదు. రాత్రి గాలికి పాత అడుగుజాడలు కొంత చెరిగిపోవడం ఇంకో లాభం.

సాయంత్రం పొద్దు పడమటి మెరక వెనక్కి వాలేసరికి లోయల అడుగు త్వరగా మసకబారుతుంది. పైఅంచులు, ఆకాశం తీయాలంటే ఆ వేళ బాగుంటుంది. చలికాలం మంచు దట్టంగా పట్టిన రోజు కూడా సాయంత్రమే నయం. మిట్టమధ్యాహ్నం వద్దు. అరిజోనాలోని యాంటిలోప్ కేన్యన్‌లా సన్నటి చీలికలైతే నడినెత్తి ఎండ గోడల మధ్య తుళ్లుతూ కిందికి దిగుతుంది. ఇక్కడ చాలాచోట్ల లోయలు వెడల్పు, మట్టి వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

ఏ వేళ వెళ్లినా ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగులను కెమెరాయే సరిచేసే సెట్టింగ్) తీసేయండి. ఫ్రేమంతా ఎరుపే కనబడితే కెమెరా దాన్ని తగ్గించేస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ని డేలైట్‌లో పెట్టి, ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు) కొంచెం తగ్గించండి. లేకపోతే ముందు ఎరుపులోనే వివరాలు పోతాయి. ఫోన్లోనైనా ప్రో మోడ్ ఉంటే ఇదే పద్ధతి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ) 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన నేల ఇది. అంచులెక్కి ఫొటోలు దిగకండి, వదులు మట్టి విరిగిపడుతుంది. లోయ అడుగునే నడవండి.

శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లు తెల్లవారేసరికి చేరాలంటే బాగా చీకటి ఉండగానే బయల్దేరాలి. అంతకంటే ముందురోజే వచ్చి సాయంత్రం పైఅంచులు, ఆకాశం తీసుకుని, భీమిలిలో పడుకుని, పొద్దున్నే లోపలికి దిగడం మంచిది.