తాటిపూడి కొండలకి, ఉద్దానం తోటలకి ఏ రంగులు మేలు?

ప్రకృతి దృశ్యాలు నేర్చుకునేవాళ్లు వాటర్‌కలర్ కొనాలా, యాక్రిలిక్ కొనాలా అని తర్జనభర్జన పడుతుంటారు. ఏం గీయబోతున్నారో ముందు తేల్చుకుంటే జవాబు దానంతటదే దొరుకుతుంది.

విజయనగరం జిల్లా తాటిపూడి జలాశయం చుట్టూ ఉన్న కొండల వరసలకైతే వాటర్‌కలరే మేలు. దూరపు కొండ లేతనీలంగా కనిపించేది మధ్యలోని గాలి, తేమ వెలుతురుని చెదరగొట్టడం వల్ల. ఆ లేతదనం నీళ్లు కలిపితే చాలు, వచ్చేస్తుంది. అల్ట్రామెరీన్ బ్లూ అనే ముదురునీలంలో కొంచెం బర్న్‌ట్ సియన్నా (ఎర్రమట్టి గోధుమరంగు) కలిపి, బాగా పలచన చేసి వెనక వరస వేయండి. ఆరాక ముందు వరసకి నీళ్లు తగ్గించి కాస్త యెల్లో ఓకర్ (మట్టిపసుపు) చేర్చండి. చెట్ల ఆకారాలు అన్నిటికంటే దగ్గరి వరసలోనే ఉండాలి. వెనక కొండ మీద ఆకులు గీశారా, అది ముందుకొచ్చి నిలబడుతుంది, లోతంతా పోతుంది. కొత్తవాళ్ల బొమ్మల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

నీటి మీద మెరుపుకి రంగు వేయకుండా తెల్లకాగితాన్నే వదిలేయాలి. కాగితం మందంగా, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు) ఉండాలి. పలచని డ్రాయింగ్ షీట్ ఉబ్బి, పల్లాల్లో రంగు నిలిచిపోతుంది. వానాకాలంలో పొర ఓ పట్టాన ఆరదు. వేలి వెనకవైపు ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఆ సగం తడి మీద నీళ్ల బ్రష్ పెడితే రంగు పక్కకి పాకి, గరుకు అంచుల మచ్చలు తేలతాయి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరితోటల సంగతి వేరు. నీడ పరుచుకుని ఉంటుంది, మట్టల సందుల్లోంచి ఎండ చుక్కలుగా రాలుతుంది. వాటర్‌కలర్‌లో ముదురు మీద లేతరంగు కనబడదు కాబట్టి ఆ చుక్కలన్నిటినీ తప్పించుకుంటూ నీడ వేయాలి, బొమ్మ బిగుసుకుపోతుంది. యాక్రిలిక్‌లోనైతే ముదురు నీడ మొత్తం ముందే వేసి, ఆరాక ఎండని పైన చిక్కగా పెట్టొచ్చు. ఆ ఎండకి ఉత్త తెలుపు వాడితే సున్నం చల్లినట్టుంటుంది. పసుపు కలపాల్సిందే. యాక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది కాబట్టి అనుకున్నదానికంటే లేతగానే కలుపుకోండి. వేసవిలో ప్యాలెట్ మీద నిమిషాల్లో గట్టిపడుతుంది. తడిగుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి రంగులు పెట్టుకుంటే చాలాసేపు మెత్తగా ఉంటాయి. యాక్రిలిక్ ఆరిపోయిన బ్రష్ మాత్రం మళ్లీ పనికిరావడం కష్టం.

ఒక్కటే కొనగలిగితే వాటర్‌కలర్ తీసుకోండి, దూరాన్ని లేత-ముదురుల్లో చూడటం దాంతోనే బాగా అలవాటవుతుంది. తోటలు గీయాలనిపిస్తే తెల్ల గ్వాష్ (అడుగు రంగుని కప్పేసే చిక్కని నీటిరంగు) ట్యూబు ఒకటి తెచ్చుకుని, పసుపు కలిపి చివర్లో వాడితే కొద్దిపాటి ఎండ చుక్కలకి సరిపోతుంది.