2011 జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్: ఊరి లెక్క తీసేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

ఒక చిన్న ఊరి విస్తీర్ణం, జనం, నీళ్లు, బడి, బస్సు, సాగు భూమి, ఇవన్నీ ఒకేచోట కావాలంటే ఇప్పటికీ దిక్కు జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుకే. 1951 జనగణన నుంచీ ఈ పుస్తకాలు వెలువడుతున్నాయి. 2011వి ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాలకూ వచ్చాయి. జనగణన శాఖ వెబ్‌సైటులో పీడీఎఫ్‌లు ఉచితం, పట్టికలు ఎక్సెల్‌లోనూ దొరుకుతాయి. తెలుగు వికీపీడియాలో గ్రామాల పేజీల్లో కనిపించే ఇళ్ల సంఖ్య, హెక్టార్ల లెక్క ఎక్కువగా ఈ జనగణన పట్టికల నుంచి వచ్చినవే.

పుస్తకం రెండు భాగాలు. ‘ఏ’ భాగం గ్రామ, పట్టణ డైరెక్టరీ: వసతులు, భూ వినియోగం, నీటి వనరులు. బీ భాగం జనాభా సంగ్రహం: ఇళ్లు, ఆడ మగ సంఖ్య, ఏడేళ్లలోపు పిల్లలు, ఎస్సీ, ఎస్టీ, అక్షరాస్యులు, పనివాళ్లు. చాలామంది బీ భాగం చూసి ఊరుకుంటారు. ఊరి స్వరూపం తెలిసేది మాత్రం ‘ఏ’ భాగంలోనే.

వెతకడం ఇలా మొదలుపెట్టండి. మండలం తెరిచి అక్షరక్రమ జాబితాలో ఊరి పేరు పట్టుకోండి. పేర్లన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి, స్పెల్లింగు మీరనుకున్నట్టు ఉండదు. కొత్తపల్లి, వెంకటాపురం లాంటి పేర్లయితే జిల్లాకు నాలుగైదు తగులుతాయి. అందుకే పేరును కాదు, పక్కనున్న ఆరంకెల గ్రామ కోడ్‌ను రాసిపెట్టుకోవాలి. ఆ జాబితాలోనే 2001 నాటి కోడ్ కూడా ఉంటుంది కాబట్టి పదేళ్ల మార్పు చూడటం తేలిక. అంతకన్నా వెనక్కి వెళ్తే జాగ్రత్త. మండలాలు 1985లో ఏర్పడ్డాయి, 1981 పుస్తకాలు తాలూకాల వారీగా ఉంటాయి. మండలాన్ని మండలంతో పోల్చడం అక్కడ కుదరదు, ఒక్కో ఊరూ ఏరుకుని కలుపుకోవాల్సిందే.

అన్నిటికన్నా పెద్ద తిరకాసు హద్దులది. హ్యాండ్‌బుక్‌లో గ్రామమంటే రెవెన్యూ గ్రామం, అంటే భూమి రికార్డుల్లో హద్దులు గీసి ఉన్న ఊరు. మీ పంచాయతీ కాదు, జనం నోట్లో నలిగే ఊరూ కాదు. శివారు పల్లెలు, తండాలు, గూడేలు అన్నీ ఆ ఒక్క వరుసలోనే కలిసిపోతాయి. తండా పంచాయతీ అయినా రెవెన్యూ గ్రామం కాకపోతే దానికి విడి జనాభా అంకె ఉండదు. మరోపక్క జనం లేని రెవెన్యూ గ్రామాలూ జాబితాలో ఉంటాయి, జనాభా సున్నా అని చూసి అచ్చుతప్పు అనుకోవద్దు. ఊరు కొంత పట్టణ పరిధిలోకి పోయి ఉంటే పేరు పక్కన ‘పార్ట్’ అని రాసి ఉంటుంది. రెండో ముక్క పట్టణం పట్టికలో వెతికి కలపాలి.

దీనికి భద్రాచలం మంచి ఉదాహరణ. పాలన పంచాయతీదే అయినా 2011 పుస్తకంలో అది పట్టణాల వైపు ఉంటుంది, ఎందుకంటే అది సెన్సస్ టౌన్. మునిసిపాలిటీ కాకపోయినా కనీసం 5,000 జనం, చదరపు కిలోమీటరుకు కనీసం 400 సాంద్రత, మగ ప్రధాన పనివాళ్లలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండటం, ఈ మూడూ కుదిరితే జనగణన ఆ ఊరిని పట్టణంగా లెక్కిస్తుంది. గ్రామాల పట్టికలో వెతికి లేదనుకునేవాళ్లు అక్కడే పొరబడతారు. పైగా 2014లో మండలమే రెండు రాష్ట్రాల మధ్య చీలింది. భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది, ఎటపాక వైపు ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. పాత ఖమ్మం జిల్లా పుస్తకంలో మండలం కింద ఉన్న మొత్తాన్ని ఇవాళ ఏ రాష్ట్రం ఖాతాలోనూ యథాతథంగా వేయలేం. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మారిన చోటల్లా ఇదే పని: మండలం మొత్తాన్ని వదిలి, గ్రామాల వరుసలు ఏరి కొత్త మొత్తం కట్టుకోవాలి.

ఇక అంకెల సంగతి. అక్షరాస్యత శాతాన్ని మొత్తం జనాభాతో భాగించి తీయడం రోజూ కనిపించే తప్పు. ఏడేళ్లు, ఆపైన వాళ్లతోనే భాగించాలి. ఒక ఊళ్లో 2,400 మంది ఉండి, వాళ్లలో ఏడేళ్లలోపు పిల్లలు 240, అక్షరాస్యులు 1,188 అనుకుందాం. 1,188ని 2,160తో భాగిస్తే 55 శాతం. 2,400తో భాగిస్తే 49.5. ఊరికి అన్యాయం జరిగినట్టే.

సాంద్రత లెక్కలోనూ ఇలాంటి పేచీ ఉంది. విస్తీర్ణం హెక్టార్లలో ఇస్తారు, వంద హెక్టార్లు ఒక చదరపు కిలోమీటరు. అదే ఊరు 1,850 హెక్టార్లయితే చదరపు కిలోమీటరుకు 130 మంది. కానీ అందులో 1,100 హెక్టార్లు అడవి అయితే జనం నిజంగా మసిలే నేల మీద 320. ఏజెన్సీ ఊళ్ల గురించి రాసేటప్పుడు రెండో అంకె ఇవ్వకపోతే చదివేవాడికి తప్పు బొమ్మ కడుతుంది. అడవి, బంజరు, బీడు, నికర సాగు భూమి, కాలువ కింద ఎంత, బోర్ల కింద ఎంత, చెరువు కింద ఎంత అని భూ వినియోగ పట్టిక విడగొట్టి చెబుతుంది. పుస్తకం మొత్తంలో మాకు అన్నిటికన్నా విలువైనది ఆ పట్టికే. అయితే నీటి వనరుల వరుసలు వదిలి (అవి నికర సాగు భూమిలో భాగమే), మిగతా వరుసలన్నీ కూడి మొత్తం విస్తీర్ణంతో సరిచూడండి. తేడా వస్తే ఏదో ఒక అంకె రికార్డు దగ్గరే చెడిందని అర్థం.

వసతుల పట్టికలో ఏ, బీ, సీ అక్షరాలు మార్కులు కావు. ఊళ్లో లేని వసతి ఎంత దూరంలో ఉందో చెబుతాయి: ఏ అంటే 5 కిలోమీటర్ల లోపు, బీ 5 నుంచి 10, సీ 10కి పైన. ఆసుపత్రి వరుసలో ‘సీ’ ఉంటే అది 11 కిలోమీటర్లో 45 కిలోమీటర్లో పుస్తకం చెప్పదు. ఇది పెద్ద లోపమే.

పనివాళ్ల పట్టికలో ఏడాదిలో 183 రోజులు, ఆపైన పనిచేసినవాళ్లు ప్రధాన పనివాళ్లు, తక్కువైతే ఉపాంత పనివాళ్లు. వ్యవసాయ కూలీలు ఎందరని అడిగితే రెండు చోట్లా ఉన్న అంకెలు కలపాలి. లేకపోతే ముందుగా మాయమయ్యేది ఆడకూలీలే.

వలస ఊళ్ల విషయంలో ఈ పుస్తకాన్ని ఊరికే నమ్మొద్దు. గణన 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు నడిచింది. ఆ రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లు ఎక్కడుంటే అక్కడే లెక్కకొస్తారు. అది పాలమూరు పల్లెల నుంచి పనులకు వెళ్లే కాలం. ఆ ఊళ్ల అంకె నిజానికి తక్కువగా పడుతుంది. ఆశ్రమ పాఠశాల, హాస్టల్ ఉన్న ఊరికి దీనికి విరుద్ధంగా జరుగుతుంది, జనాభా పెరిగి కనిపిస్తుంది. రెండొందల మంది ఉన్న పల్లెకు లింగ నిష్పత్తి కట్టి తీర్పులు చెప్పడం కూడా మానుకోవాలి. నాలుగు కుటుంబాలు కదిలితే ఆ నిష్పత్తి తలకిందులవుతుంది.

ఎక్సెల్ వాడేవాళ్లకు రెండు మాటలు. మండల కోడ్‌ల ముందున్న సున్నా ఎగిరిపోకుండా ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి. రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం అన్నీ ఒకే షీటులో ఉంటాయి కాబట్టి కూడే ముందు గ్రామ స్థాయికి ఫిల్టర్ పెట్టండి, లేదంటే ఒకే మనిషి మూడు నాలుగు సార్లు లెక్కకొస్తాడు.

కులాల వారీగా బీసీల సంఖ్య, గ్రామ స్థాయిలో మతాల వివరం ఇందులో దొరకవు. 2021లో జరగాల్సిన గణన జరగలేదు. తర్వాతి గణనకు ఆధార తేదీ 2027 మార్చి 1. ఆ అంకెలు వచ్చాక పోల్చాలనుకునేవాళ్లు ఇప్పుడే తమ ఊరి 2011 గ్రామ కోడ్ పక్కన స్థానిక సంస్థల డైరెక్టరీలోని ఎల్‌జీడీ కోడ్ రాసుకుని, ఈ పదిహేనేళ్లలో విడిపోయిన, కలిసిన పల్లెల జాబితా తహసీల్దారు కార్యాలయంలో సరిచూసుకుంటే మంచిది.