ఏటిగట్టు మనుషులం కిండర్‌డైక్ వెళ్లిన రోజు

మాది కోనసీమండి, అంబాజీపేట దగ్గర, కొబ్బరితోటా కాస్త వరీ. అమ్మాయీ అల్లుడూ నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్‌లో ఉంటారు, ఏప్రిల్లో నేనూ మా ఆవిడా వెళ్లి రెండు నెలలు మనవల దగ్గర ఉండొచ్చాం. చాలా తిప్పారు గానీ నా మనసులో నిలిచిపోయింది మాత్రం కిండర్‌డైక్ అనే పాత గాలిమరల ఊరు, మన గోదావరోళ్లెవరు అటెళ్లినా ఇది చూడకుండా రావద్దు.

ముందురోజు రాత్రి రోటర్‌డామ్‌లో హోటల్లో ఉన్నాం. స్టేషన్ పక్కనే, లిఫ్ట్ ఉంది, నా మోకాళ్లకి అదే పెద్ద సుఖం, గది మాత్రం మరీ ఇరుకు, పెట్టె తెరిస్తే కాలు పెట్టే చోటు లేదు. టిఫిన్‌కి బ్రెడ్డూ చీజే, మా ఆవిడ పులిహోర కలిపి తెచ్చింది కాబట్టి సరిపోయింది.

పొద్దున్నే ఎరాస్మస్ బ్రిడ్జి దగ్గర వాటర్‌బస్ ఎక్కాం, మధ్యలో చిన్న పడవలోకి మారాలి, చెప్పిన టైముకి నిమిషం తేడా లేదు. మా సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఎండలో నిలబడ్డ రోజులు గుర్తొచ్చాయి.

దిగితే వరసగా గాలిమరలు, మొత్తం 19, చాలావరకు 1740 ప్రాంతంలో కట్టినవి, 1997లో యునెస్కో గుర్తింపొచ్చింది. గట్టు మీద నడవడానికి టికెట్ అక్కర్లేదు, మర లోపలికి వెళ్లాలంటేనే కొనాలి. అది కొనండి. పడవ షికారు మానేసినా పర్లేదు, మేం ఎక్కాం, ఒడ్డు మీంచి కనపడేదే అందులోంచీ కనపడింది. లోపల మాత్రం ఒక కుటుంబం బతికిన ఇల్లు, గోడలో అల్మారా లాంటి పడక, తలుపు మూసుకుని పడుకునేవాళ్లంట, మా చిన్నది అందులో దూరి బయటికి రానంది. బయట రెక్క మీద గుడ్డ తెరచాపలా చుట్టి ఉంది, నేల దగ్గరగా తిరుగుతుంది, పిల్లల చెయ్యి వదలకండి.

ఆ మరలు పిండి ఆడేవి కాదు, పల్లపు చేలలోంచి నీళ్లు ఎత్తి పైకాలువలో పోసేవి, మన ఏతం పనే. దేశంలో పావు వంతు సముద్రమట్టం కన్నా కిందే, ఇప్పుడు మోటారు పంపులు ఆ పని చేస్తన్నాయి. మనకి 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టి చేలకి నీళ్లు తెచ్చాడు, తెచ్చిన నీళ్లు బయటికి పోయే దారి మాత్రం ఇప్పటికీ సరిగ్గా లేదు, డ్రెయిన్లు పూడిపోయి వానకి చేలు మునుగుతాయి, 2011లో మా వాళ్లు క్రాప్ హాలిడే అని ఆ పంట వెయ్యడమే మానేశారంటే అందులో ఈ ముంపూ ఒక కారణం. వాళ్ల కాలువల్లో గుర్రపుడెక్క ఒక్క ఆకు కనపడలేదండి, అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

ఊరి పేరుకి పిల్లల గట్టు అని అర్థం. 1421 వరదలో ఒక ఉయ్యాలతొట్టి కొట్టుకొచ్చిందంట, తొట్టి ఒరిగిపోకుండా ఒక పిల్లి అటూ ఇటూ గెంతుతా ఉంటే లోపల పసిబిడ్డ తడవకుండా గట్టుకి చేరిందని చెప్పుకుంటారు. తిరుగు పడవలో మనవడు "తాతయ్యా, మీ గట్టు దగ్గరికీ వరదొచ్చిందా" అన్నాడు. 1986 గోదావరి వరద గురించి చెప్పాను, గట్టుకి గండ్లు పడటం, గేదెల్నీ మనుషుల్నీ గట్టు మీదే ఉంచడం, మా అమ్మ బియ్యం మూట తల మీదెట్టుకుని నడవడం. వాడు విని "పిల్లి కూడా ఉందా" అన్నాడు. ఉంది నాన్నా, మూట మీద కూర్చుంది అన్నాను. నిజంగానే కూర్చుంది.