2600కె నుంచి 7950ఎక్స్ దాకా: బెజవాడ మిక్సింగ్ యూనిట్‌లో ప్రాసెసర్లు ఎలా పనిచేశాయి

ప్రాసెసర్ల సమీక్షలు ఎక్కువగా డబ్బా విప్పిన వారంలోపే వస్తాయి. ఏసీ గదిలో పరీక్ష, నాలుగు పట్టికలు, ఒక తీర్పు. మూడో వేసవికి ఆ ప్రాసెసర్ ఎలా ఉంది, ఐదో ఏట ఆ మదర్‌బోర్డులో ఇంకో ప్రాసెసర్ పట్టిందా లేదా, కెమెరాలు మారాక దాని గతి ఏమైంది అన్న సంగతులు వాటిలో దొరకవు. నేను విజయవాడ గవర్నర్‌పేటలో పెళ్లి వీడియోల మిక్సింగ్ యూనిట్ నడుపుతున్నాను. 2011 నుంచి నా బల్ల మీదికి వచ్చినవి ఇవి: ఇంటెల్ ఐ7-2600కె, ఏఎండీ రైజెన్ 7 1700, తరవాత అదే బోర్డులో రైజెన్ 9 3900ఎక్స్, ఇంటెల్ ఐ7-12700కె, చివరగా రైజెన్ 9 7950ఎక్స్. ఆటల్లో ఏది మేలో నాకు తెలియదు, ఆడను. మాఘంలో తీసిన పెళ్లి వైశాఖం లోపల పెళ్లివారి ఇంటికి చేరాలి, నాకు కావలసింది అంతే.

ఆ పని సాగడానికి పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసే గిగాహెర్ట్జ్ లెక్క పెద్దగా ఉపయోగపడలేదు. మోడల్ పేరు చివర ఉండే అక్షరం, లోపల కుదించిన వీడియోను విప్పే విభాగం, భారం పడినప్పుడు నిజంగా తాగే వాట్లు, ఈ మూడే ఎప్పుడూ తేల్చాయి.

2600కె 2011 జనవరిలో శాండీ బ్రిడ్జ్ తరంతో వచ్చింది. 32 నానోమీటర్ల తయారీ, 4 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), 3.4 గిగాహెర్ట్జ్, టర్బోలో (తాత్కాలికంగా పెరిగే వేగం) 3.8, క్యాష్ (లోపలి చిన్న మెమరీ) 8 ఎంబీ, 95 వాట్లు. ఇవన్నీ పెట్టె మీద ఉన్నవే. మాకు పనికొచ్చిన అసలు సంగతి క్విక్ సింక్. హెచ్.264 అనే పద్ధతిలో వీడియోను విప్పడానికి, కుదించడానికి ప్రాసెసర్ లోపలే వేరే విభాగం పెట్టడం ఆ తరంతోనే మొదలైంది. అప్పటి మన కెమెరాలు తీసేది ఏవీసీహెచ్‌డీ, అది కూడా హెచ్.264 కుటుంబమే. మిక్సింగ్ వాళ్లలో చాలామంది వాడే ఎడియస్ సాఫ్ట్‌వేర్ ఆ విభాగాన్ని చక్కగా వాడుకుంటుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉండేది. పీ67 బోర్డులో ప్రాసెసర్ వేగం పెంచుకోవచ్చు గానీ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ విభాగం పనిచేయదు, క్విక్ సింక్ అందులోదే కాబట్టి అదీ లేనట్టే. హెచ్67 బోర్డులో గ్రాఫిక్స్ ఉంటుంది, ప్రాసెసర్ వేగం పెంచనివ్వదు. రెండూ కుదిరేది అదే ఏడాది మేలో వచ్చిన జెడ్68 బోర్డులోనే. ఒకే ప్రాసెసర్ కొన్న ఇద్దరిలో ఒకరు ఎక్స్‌పోర్ట్ (పూర్తయిన వీడియోను ఫైలుగా తీయడం) పెట్టి భోజనం చేసి వచ్చేసరికి పని పూర్తయ్యేది. ఇంకొకరు రాత్రంతా కూర్చునేవారు.

ఈ ప్రాసెసర్ అంతకాలం నిలవడంలో దాని గొప్ప సగమే, మిగతా సగం మార్కెట్ పుణ్యం. 3770కె, 4770కె, 6700కె, 2017 జనవరిలో వచ్చిన 7700కె, అన్నీ 4 కోర్లు, 8 థ్రెడ్లే. ఏటా ఒక తరం వచ్చేది, ఏటా కొత్త పేరు, తరచూ కొత్త సాకెట్టు (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు). 2600కెను 4.4 గిగాహెర్ట్జ్ దగ్గర నడుపుకొంటున్న నాలాంటి వాడికి మారవలసిన అవసరం కనిపించలేదు. దానిలో సిలికాన్‌కూ పై మూతకూ మధ్య వేడిని దాటించే టంకం ఉండేది. తరవాతి తరంలో దాని బదులు పేస్టు వచ్చింది. కొత్తది 22 నానోమీటర్లదైనా వేగం పెంచితే పాతదాని కంటే ఎక్కువ వేడెక్కేదని అప్పట్లో మా వాళ్లంతా ఆశ్చర్యపోయేవారు.

2017 మార్చి 2న రైజెన్ వచ్చాక మార్కెట్ నిద్ర వదిలింది. రైజెన్ 7 1700 అంటే 8 కోర్లు, 16 థ్రెడ్లు, 3.0 నుంచి 3.7 గిగాహెర్ట్జ్, 65 వాట్లు, అమెరికాలో ధర 329 డాలర్లు. అప్పటికి ఇంటెల్‌లో 8 కోర్లు కావాలంటే 6900కె కొనాలి, దాని ధర వెయ్యి డాలర్ల పైన. నేను సికింద్రాబాద్ వెళ్లి తెచ్చుకున్నాను. ఎఫెక్టులు, కలర్ గ్రేడింగ్ (రంగులు దిద్దడం), స్లో మోషన్ పడిన టైమ్‌లైన్ (క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ) మీద అది 2600కెను మించి ఎంతో ముందుకెళ్లింది. కానీ దానిలో లోపలి గ్రాఫిక్స్ లేదు. ఎఫెక్టులు లేని మామూలు టైమ్‌లైన్‌ను ఎడియస్‌లో హెచ్.264గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు పాత 2600కె కూడా దాన్ని వెనక్కి నెట్టేది. అందుకే చాలాకాలం రెండూ పక్కపక్కనే ఉన్నాయి, కష్టమైన పని 1700 మీద, చివరి ఎక్స్‌పోర్ట్ 2600కె మీద. మొదటి రైజెన్లు ర్యామ్ విషయంలో కాస్త సుకుమారం. అధికారికంగా చెప్పిన వేగం డీడీఆర్4-2666. అంతకు మించి కావాలంటే ర్యామ్‌ను చూసి ఎంచుకోవాలి, బయాస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) కొత్తది వేస్తూ ఉండాలి.

1700 నాకు మిగిల్చిన లాభం మాత్రం బోర్డు. 2019 జూలైలో 3900ఎక్స్ వచ్చింది. 12 కోర్లు, 24 థ్రెడ్లు, టర్బోలో 4.6 గిగాహెర్ట్జ్, 64 ఎంబీ ఎల్3 క్యాష్, 105 వాట్లు. ఆరేసి కోర్ల చిన్న ముక్కలు రెండు 7 నానోమీటర్లలో, బయటి ప్రపంచంతో మాట్లాడే ముక్క 12 నానోమీటర్లలో చేసి, మూడింటినీ ఒకే మూత కింద అమర్చారు. బయాస్ మార్చి నా పాత బోర్డులోనే దించాను. ర్యామ్, డిస్కులు, పవర్ సప్లై, ఏదీ మార్చలేదు. ఒకే సాకెట్టులో 8 కోర్ల నుంచి 12కు వెళ్లడం ఈ వ్యాపారంలో నాకు అంతకు ముందు ఎప్పుడూ జరగలేదు.

ఏఎం4 (1700, 3900ఎక్స్ రెండూ పట్టిన ఆ సాకెట్టు) రకం ప్రాసెసర్ మార్చేవారికి ఒక్క మాట. దాని 1331 సూదులు ప్రాసెసర్ కిందే ఉంటాయి. మన ఎండలకు రెండేళ్లలో థర్మల్ పేస్టు అట్ట కట్టి, హీట్‌సింక్‌ను (పైనుండే, వేడి లాగే లోహపు దిమ్మెను), ప్రాసెసర్‌ను కలిపి పట్టేస్తుంది. హీట్‌సింక్‌ను నిలువుగా లాగితే మీట వేసి ఉన్నా ప్రాసెసర్ సాకెట్టులోంచి ఊడి దాంతో పాటే పైకి వస్తుంది, సూదులు వంగుతాయి. ముందు ఒక ఎక్స్‌పోర్ట్ పెట్టి పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. ఆపి, ప్లగ్గు తీసి, కొక్కేలు వదిలించి, హీట్‌సింక్‌ను ఎడమకూ కుడికీ కొద్దికొద్దిగా తిప్పాలి. పేస్టు వదిలినప్పుడు చేతికి తెలుస్తుంది, బిగువు ఒక్కసారిగా తగ్గుతుంది. అప్పుడు ఎత్తాలి. ఇంటెల్‌లోనూ, ఏఎండీ కొత్త సాకెట్టు ఏఎం5లోనూ సూదులు బోర్డు వైపు ఉంటాయి కాబట్టి ఈ భయం లేదు. కానీ అక్కడ సాకెట్టులో ఏదైనా పడితే బోర్డు పోతుంది.

ఆ తరవాత కెమెరాలు మారాయి. 2020 తరవాత మన ఫొటోగ్రాఫర్ల చేతుల్లోకి వచ్చిన సోనీ కెమెరాలు 10 బిట్, 4:2:2లో తీయడం మొదలుపెట్టాయి. 8 బిట్ అంటే ఒక్కో రంగుకు 256 మెట్లు, 10 బిట్ అంటే 1024. 4:2:0లో రంగు సమాచారం పావు వంతే ఉంటుంది, 4:2:2లో సగం. ఎర్రటి పట్టుచీర అంచు, పెళ్లికూతురి నుదుటి కుంకుమ, మంగళస్నానం నాటి పసుపు, ఇవి గ్రేడింగ్‌లో ముద్ద కాకుండా నిలబడేది ఈ లెక్క వల్లే. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ హెచ్.264 తరవాత వచ్చిన హెచ్.265 పద్ధతిలో తీసిన ఆ ఫైలు 3900ఎక్స్ మీద సాఫీగా ఆడేది కాదు.

జీలకర్ర బెల్లం ఘట్టం తీసుకోండి. మూడు కెమెరాలు, మూడు కోణాలు, ఇద్దరి చేతులూ తలల మీద పడే ఆ ఒక్క క్షణం వెతకాలి. ముందుకు, వెనక్కు, మళ్లీ ముందుకు జరుపుతాం. హెచ్.265లో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు, ముందూ వెనకా ఫ్రేములతో ఉన్న తేడాలే ఉంటాయి. ఒక్క ఫ్రేము వెనక్కి రావాలంటే దాని ముందున్న పూర్తి ఫ్రేము నుంచి మొదలుపెట్టి అన్నీ విప్పుకుంటూ రావాలి. మూడు కెమెరాలకూ అదే చాకిరీ. మౌస్ ఆగాక కాసేపటికి గానీ బొమ్మ కదిలేది కాదు. అప్పటి ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులు హెచ్.265లో 4:2:0ను విప్పేవి, 4:2:2ను కాదు. దాంతో ప్రతి పెళ్లికీ ముందు ప్రాక్సీలు (కోతకు వాడే తేలికపాటి నకలు ఫైళ్లు) చేసుకోవడం, డిస్కు నింపుకోవడం, ఒక రాత్రి అటే పోవడం.

ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్ మాత్రం 11వ తరం నుంచి హెచ్.265 10 బిట్ 4:2:2ను నేరుగా విప్పుతుంది. ఇక్కడే స్పెసిఫికేషన్ల పట్టిక మనిషిని తప్పుదారి పట్టిస్తుంది. 10900కెలో 10 కోర్లు ఉంటే, ఆ వెనక 2021లో వచ్చిన 11900కెలో 8 కోర్లే. సమీక్షకులు వెనకడుగు అన్నారు, వాళ్ల లెక్కలో అది నిజమే. మిక్సింగ్ వాడి లెక్కలో మాత్రం వెనకడుగు వేసిందనుకున్న ఆ తరమే పనికొచ్చేది.

నేను ఆగి 12700కె తీసుకున్నాను. 8 పెద్ద కోర్లు, 4 చిన్న కోర్లు. పెళ్లి వంటశాలలో ఎనిమిది మంది వంటమాస్టర్లు, నలుగురు తరిగేవాళ్లు ఉన్నట్టు. పెద్దవి రెండేసి థ్రెడ్లు నడుపుతాయి, చిన్నవి ఒక్కోటి, మొత్తం 20. టర్బోలో 5.0 గిగాహెర్ట్జ్, క్యాష్ 25 ఎంబీ. దీనిలో మూడు కెమెరాల జీలకర్ర బెల్లం మౌస్ వెంటే నడుస్తుంది. ప్రాక్సీల రాత్రి పోయింది. 3900ఎక్స్ కంటే పెద్ద కోర్లు నాలుగు తక్కువైనా రోజువారీ పనిలో దీన్నే ముందు ఆన్ చేస్తాను. ఒక పరిమితి చెప్పాలి: అదే కెమెరాలో హెచ్.264 ఎంచుకుని 10 బిట్ 4:2:2 తీస్తే క్విక్ సింక్ చేతులెత్తేస్తుంది, భారమంతా కోర్ల మీదే పడుతుంది. అందుకే షూటింగ్‌కు వెళ్లే కుర్రాళ్లకు హెచ్.265 పెట్టమని ముందే చెబుతాను. 2025లో వచ్చిన ఎన్విడియా 50 శ్రేణి కార్డులు రెండు రకాల 4:2:2నూ విప్పుతున్నాయి. ఆ కార్డు కొనగలిగినవారికి ఈ బాధ లేదు.

ఇక ఆ చివరి అక్షరం. కొనే రోజు దుకాణంలో కుర్రాడు, “అన్నగారూ, కార్డు ఎలాగూ ఉంది కదా, కెఎఫ్ తీసుకోండి, కొంత కలిసొస్తుంది” అన్నాడు. అతని తప్పేమీ లేదు, ఆటలు ఆడేవాళ్లకు అది మంచి సలహా. కె అంటే వేగం పెంచుకోవచ్చని, ఎఫ్ అంటే లోపలి గ్రాఫిక్స్ లేదని. గ్రాఫిక్స్ లేకపోతే క్విక్ సింక్ లేదు. ఆ రెండు మూడు వేలు మిగుల్చుకుంటే నేను 12700కె కొన్న కారణమే పోతుంది.

వాట్ల సంగతి బెజవాడలో వేరేగా చూడాలి. పెళ్లిళ్ల పని పోగుపడేది, ఎండ 44, 45 దాకా వెళ్లేది ఒకే కాలంలో. గాలితో చల్లబరిచే ఏ కూలరైనా గదిలోని గాలి కంటే కిందికి దించలేదు. పూర్తి భారంలో గది కంటే 50 డిగ్రీలు ఎక్కువుండే ప్రాసెసర్, డిసెంబరులో 25 డిగ్రీల గదిలో 75 చూపిస్తుంది. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగి గది 40కి చేరితే అదే 90. 12700కె పెట్టె మీద 125 వాట్లు అని ఉంటుంది, కానీ ఇంటెలే దాని గరిష్ఠాన్ని 190 వాట్లుగా చెబుతుంది, చాలా బోర్డులు దాన్ని ఎంతసేపైనా అక్కడే నడుపుతాయి. నేను బయాస్‌లో 125కు కట్టేశాను. ఎక్స్‌పోర్ట్ సమయంలో గొడవ పడేంత తేడా రాలేదు, ఫ్యాన్ హోరు మాత్రం తగ్గింది.

7950ఎక్స్ మరీ విడ్డూరం. 16 కోర్లు, 32 థ్రెడ్లు, టర్బోలో 5.7 గిగాహెర్ట్జ్, 170 వాట్లని పేరు, సాకెట్టులోంచి లాగేది 230 వరకు. 95 డిగ్రీల దాకా ఎక్కి అక్కడే పనిచేసేలా దాన్ని తయారుచేశారు. ఇది తెలియక కొన్నవాళ్లు కూలర్ మీద కూలర్ మార్చారు. దీనిలో ఎకో మోడ్ అని ఉంది. 105 వాట్ల మెట్టు పెడితే లాగేది 142కు తగ్గుతుంది. అంత తగ్గించినా పని పెద్దగా కుంటుపడకపోవడానికి కారణం ఉంది. విద్యుత్ ఖర్చు వేగంతో పాటు వోల్టేజీ వర్గంతో (స్క్వేర్‌తో) పెరుగుతుంది, ఆ చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్ కోసమే వోల్టేజీ అమాంతం పెంచాల్సి వస్తుంది. ఆ కాస్త వదులుకుంటే మిగతాది చవక. ఎఫెక్టులతో నిండిన టీజర్లు, ఎల్‌ఈడీ తెరలకు పెద్ద రెండర్లు దీని మీదే చేస్తున్నాను. లోపల చిన్న గ్రాఫిక్స్ ఉన్నా 4:2:2 విప్పదు కాబట్టి ముడి ఫుటేజీ కోత మళ్లీ 12700కె దగ్గరే.

ఈ వాట్లన్నీ చివరికి గదిలో వేడే. ఒక టన్ను ఏసీ తోడగలిగేది సుమారు 3,500 వాట్ల వేడి. కార్డుతో కలిపి అయిదేసి వందల వాట్లు తాగే యంత్రాలు రెండు పెడితే ఏసీ శక్తిలో పావు వంతు పైన వాటికే పోతుంది. ప్రాసెసర్ ఖర్చును బిల్లులో రెండుసార్లు కడతాం.

పాతవాటి సంగతి: విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచి, రైజెన్ 2000 శ్రేణి నుంచి మాత్రమే, కొన్ని మినహాయింపులు తప్ప. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నా 2600కె, 1700 రెండూ ఇంకా నిక్షేపంగా తిరుగుతున్నా ఇంటర్నెట్ తీగ తీసేశాను. ఒకటి కెమెరా మెమరీ కార్డుల కాపీకి, ఒకటి పాత డిస్కులు చూడటానికి.

ఇప్పుడు కొత్తగా యూనిట్ పెట్టేవారికి నా ఎంపిక సూటిగా: చేతిలో డబ్బు తక్కువైతే పాత సరుకులో ఎఫ్ లేని 12700 లేదా 12700కె. 13900కె, 14900కె సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతాయి. వోల్టేజీ మితిమీరి ఆ రెండు తరాల్లో కొన్ని అస్థిరంగా మారుతున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుని, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పెంచింది. ఆ సవరణ రాబోయే నష్టాన్ని ఆపుతుంది గానీ అప్పటికే జరిగినదాన్ని బాగుచేయదు. కాబట్టి బిల్లు, మిగిలిన వారంటీ చూడకుండా ముట్టుకోవద్దు. డబ్బుంటే ఏఎం5 బోర్డు, 50 శ్రేణి కార్డు. ఆ సాకెట్టును 2027, ఆ పైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. ఏది కొన్నా యూపీఎస్‌ను మరచిపోవద్దు. 600 వీఏ అని అమ్మేవి సాధారణంగా మోసేది 360 వాట్లు, ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోతే ఈ తరం యంత్రాలకు అది చాలదు.