మామిడి చెట్టు కింద ఏం వేయాలి: సరస్వతి ఆకా, మోండో గ్రాసా?

మా ఇల్లు హైదరాబాద్‌లో సైనిక్‌పురి వైపు, పెరట్లో పెద్ద మామిడి చెట్టు, దాని కింద లాన్ గడ్డి రెండుసార్లు వేశాం, ఎండ తగలక రెండుసార్లూ పోయింది. అందుకే ఇప్పుడు సగం సరస్వతి ఆకు, సగం మోండో గ్రాస్ (గడ్డిలా సన్నటి ఆకులతో పెరిగే పొట్టి మొక్క) పెట్టి చూస్తున్నా.

సరస్వతి ఆకు స్పీడు వేరండీ. నేల మీద తీగలు పాకించి కణుపు కణుపుకీ వేర్లు దింపుకుంటూ పోతుంది, పది మొక్కలు జానెడు దూరంలో పెడితే ఒక్క వర్షాకాలంలోనే మట్టి కనపడకుండా కప్పేసింది, పైగా అత్తమ్మ వారానికోసారి కోసి పచ్చడి చేస్తారు. కానీ దీనికి తడి కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతాయి కదా, రెండ్రోజులు నీళ్లు మర్చిపోతే వాలిపోతుంది, బోరు ఎండిపోయే ఏరియాల్లో ఉన్నవాళ్లు ఇది బాగా ఆలోచించుకోవాలి.

మోండో పేరుకే గ్రాస్, నిజానికి గడ్డి జాతే కాదు, ఆస్పరాగస్ కుటుంబం. కుదురుకున్నాక నీళ్లు తక్కువైనా తట్టుకుంటుంది, కోత మిషన్ అక్కర్లేదు. చాలా నిదానం మాత్రం, పూర్తిగా కమ్ముకోవడానికి రెండేళ్లు పైనే ఓపిక పట్టాలి, ఈలోగా మధ్యలో కలుపు మనమే పీకాలి. నీళ్లు నిలిచే చోట అసలు పెట్టొద్దు, వేర్లు కుళ్లిపోతాయి.

రోజూ నీళ్లు పెట్టేవాళ్లుంటే నా ఓటు సరస్వతి ఆకుకే. వేసవి సెలవులకి ఊరెళ్లిపోయే ఇల్లయితే మోండో వేసుకోండి, జూన్‌లో తొలకరి పడగానే.